నియంత కూలిన మరునాడు

2003 ఏప్రిల్ 9వ తేదీన బాగ్దాదు నడిబొడ్డున, ఫిర్దౌస్ కూడలిలో, సద్దాం హుస్సేన్ విగ్రహానికి గొలుసు తగిలించి లాగి పడవేశారు. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. రాజమండ్రిలోనూ, నరసాపురంలోనూ, అమలాపురంలోనూ మనమూ చూశాం. ఒక దుర్మార్గుని పాలన ముగిసిందని కొందరు దేవునికి స్తోత్రం చెల్లించారు. బాంబుల కింద పడి చచ్చిన పసిపిల్లల సంగతేమిటని మరికొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇద్దరూ విశ్వాసులే. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే పరిశుద్ధ గ్రంథం.

ఒక పాలకుడు సొంత ప్రజలను హింసిస్తూ, పొరుగు దేశాలను భయపెడుతూ ఉంటే, బయటి సైన్యం వచ్చి అతణ్ణి కూలదోయడం న్యాయమేనా? ఆ యుద్ధానికి క్రైస్తవుడు 'ఆమేన్' అనవచ్చా? ఈ ప్రశ్న సద్దాంతో పుట్టలేదు, సద్దాంతో పోలేదు. అతణ్ణి 2006 డిసెంబరు 30న ఉరితీశారు. ప్రశ్న మాత్రం మిగిలింది. 2011లో లిబియాలో గడాఫీ విషయంలో మళ్లీ వచ్చింది. ఇకముందూ వస్తుంది. వచ్చినప్పుడల్లా టీవీ చెప్పినట్లు కాక, వాక్యపు వెలుగులో ఆలోచించడం మనం నేర్చుకోవాలి.

బాగ్దాదు మనకు దూరం కాదు

ఎక్కడో ఎడారి దేశంలోని యుద్ధంతో గోదావరి గట్టున ఉన్న మనకేమిటి సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఉంది. మన ఉభయ గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు వెళ్లి ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు, కార్లు నడిపే తమ్ముళ్లు లేని ఊరు అరుదు. వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు లేచాయి, పిల్లల చదువులు సాగాయి, మందిరాల కప్పులు పడ్డాయి. గల్ఫ్‌లో తుపాకీ పేలితే డెల్టాలో ఏదో ఒక ఇంట్లో తల్లి ఉపవాసం ఉంటుంది.

అంతకంటే పాత సంబంధం కూడా ఒకటి ఉంది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త సేవ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దొరల పేర్లు మన బ్రదరెన్ సంఘాలవారికి కొత్తవి కావు. 1836లో వారిని ఇంగ్లండు నుండి తీసుకొచ్చినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆయన ఎక్సెటర్ పట్టణంలో పళ్ల వైద్యుడు. మంచి రాబడిని విడిచిపెట్టి, భార్యాపిల్లలతో 1829లో మిషనరీగా బయలుదేరాడు. భారతదేశానికి కాదు, బాగ్దాదుకు!

అక్కడ ఆయన చూసినది మన ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంటుంది. అప్పట్లో బాగ్దాదును ఏలుతున్నవాడు దావూద్ పాషా. పేరుకు తుర్కీ సుల్తానుకు లోబడినవాడు, నిజానికి తనకు తానే రాజు. పదవి నుండి దిగిపొమ్మని సుల్తాను 1830లో దూతను పంపితే ఆ దూతనే చంపించాడు. అతణ్ణి తొలగించడానికి 1831లో అలెప్పో నుండి అలీ రిజా పాషా సైన్యంతో వచ్చి పట్టణాన్ని ముట్టడించాడు. అదే ఏడాది వసంతంలో బాగ్దాదులో ప్లేగు చెలరేగి వేలమంది చనిపోయారు. టైగ్రిస్ నది పొంగి ప్రాకారం తెగి వేల ఇళ్లు కూలాయి. ఆ మే నెలలో గ్రోవ్స్ భార్య మేరీ ప్లేగుతోనే కన్నుమూసింది. కొన్ని నెలలకు వారి పసిబిడ్డ కూడా పోయింది. ఒకవైపు రోగం, మరొకవైపు తూటాలు, దోపిడీ. వీటన్నిటి మధ్య ఆయన బాగ్దాదులోనే నిలిచి, చూసినదంతా తన దినచర్యలో రాసుకున్నాడు.

చివరకు సెప్టెంబరులో పట్టణం లొంగింది. దావూద్ పాషా అనుచరులైన నాయకులను ఊచకోత కోశారు. మరి అసలు దావూద్ పాషా ఏమయ్యాడు? అతణ్ణి ఇస్తాంబులుకు తీసుకువెళ్లారు. సుల్తాను క్షమించాడు. తరువాతి కాలంలో మంచి పదవులు కూడా దక్కాయి! ఎవరిని తొలగించడానికి ఆ ముట్టడి జరిగిందో అతడు బ్రతికాడు. మధ్యలో ఉన్న పట్టణం చచ్చింది. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

డెల్టాలో సంఘానికి విత్తనాలు తెచ్చిన మనిషి ఇలాంటి ముట్టడిలో నలిగి, అక్కడి మట్టిలో భార్యాబిడ్డలను పాతిపెట్టి వచ్చినవాడన్న సంగతి మనం జ్ఞాపకముంచుకోవాలి.

కత్తిని గురించి లేఖనం

బలవంతుడు బలహీనుణ్ణి మింగుతుంటే ఊరకుండడమే భక్తి అని బైబిలు ఎక్కడా చెప్పలేదు. అబ్రాహామును చూడండి. నలుగురు రాజులు సొదొమ మీద పడి దోచుకొని, లోతును చెరపట్టుకుపోయారు. అబ్రాహాము ప్రార్థన చేసి ఊరుకోలేదు. తన ఇంట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకొని రాత్రివేళ వెళ్లి, లోతునూ, స్త్రీలనూ, ప్రజలనూ విడిపించి తెచ్చాడు (ఆదికాండము 14వ అధ్యాయం). ఆ పనిని దేవుడు తప్పుపట్టలేదు. మెల్కీసెదెకు ఎదురువచ్చి ఆశీర్వదించాడు.

అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. దోపుడుసొమ్ము నువ్వే ఉంచుకో అని సొదొమ రాజు అంటే, అబ్రాహాము ఒక్క నూలుపోగు గాని చెప్పుల వారు గాని తనకు వద్దన్నాడు. విడిపించడానికి వెళ్లినవాడు విడిపించి తిరిగి వచ్చాడు. ఆ దేశాన్ని ఏలుకోలేదు. ఆ సొమ్ముతో ధనవంతుడు కాలేదు. యుద్ధానికి వెళ్లినప్పటి అబ్రాహామును మెచ్చుకొనేవారు, తిరిగి వచ్చినప్పటి అబ్రాహామును మరచిపోకూడదు.

ప్రవక్తలు మరో సంగతి చెబుతారు. దేవుడు ఒక దుష్టరాజ్యాన్ని శిక్షించడానికి మరో రాజ్యాన్ని కర్రగా వాడుకొంటాడు. అష్షూరును అలాగే వాడుకొన్నాడు. కాని ఆ కర్ర తానే దేవుణ్ణని గర్వించినప్పుడు దాన్ని కూడా విరిచాడు (యెషయా 10:5-15). నరికేవాని చేతిలోని గొడ్డలి తన గొప్పలు చెప్పుకోవచ్చునా అని ప్రవక్త అడుగుతాడు. నియంతను పడగొట్టిన రాజ్యం ఆ ఒక్క కారణంతో పరిశుద్ధ రాజ్యం అయిపోదు. పడగొట్టినవాడు కూడా తీర్పు కిందనే ఉన్నాడు.

దావీదు సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అతడు యెహోవా నామమున యుద్ధాలు చేసినవాడు. అయినా మందిరం కట్టే భాగ్యం అతనికి దక్కలేదు. చాలా రక్తం ఒలికించావు గనుక నువ్వు కట్టకూడదని దేవుడు చెప్పాడు (1 దినవృత్తాంతములు 22:8). అవసరమైన యుద్ధమైనా చేతులకు రక్తపు మరక అంటించకుండా పోదన్నమాట.

ఇక రోమా 13వ అధ్యాయం. అధికారి కత్తిని ఊరకనే ధరించడం లేదన్న పౌలు మాటను చాలామంది ఎత్తి చూపుతారు. మంచిదే. కాని పౌలు ఆ మాట రాయడానికి కొన్ని వచనాల ముందే, 12వ అధ్యాయం చివర, పగ తీర్చుకోవద్దనీ, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమనీ రాశాడు. ఆ రెండు అధ్యాయాల మధ్య పౌలు గోడ కట్టలేదు. కత్తి పట్టే అధికారానికి పరిమితి ఉంది, పగకు చోటు లేదు. ఈ రెండూ కలిపి చదివితేనే సత్యం.

మన సంఘాల్లో రెండు దారులు

ఈ విషయంలో తెలుగు సంఘాలు ఒకే దారిన నడవలేదు. రాజమండ్రి, గుంటూరు ప్రాంతాల లూథరన్ సంఘాలు అంగీకరించే అగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 1530 నాటిది. న్యాయమైన యుద్ధంలో క్రైస్తవుడు సైనికుడుగా పనిచేయవచ్చునని దాని 16వ అంశం ఒప్పుకొంటుంది. దాని వెనుక అయిదవ శతాబ్దపు అగస్టీను నుండి వచ్చిన ఆలోచన ఉంది. యుద్ధం న్యాయమైన కారణంతో, హక్కుగల అధికారం చేతిలో, సమాధానాన్ని తిరిగి తేవాలనే ఉద్దేశంతో జరగాలన్నది ఆ ఆలోచన.

మరోవైపు మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల్లో మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు ఉన్నాయి. వారి పితరులు పదహారవ శతాబ్దం నుండి, కత్తి పట్టనంటే పట్టనని చెప్పి, అందుకోసం దేశాలు విడిచి వలస పోయినవారు. కత్తిని ఒరలో పెట్టమని గెత్సేమనేలో ప్రభువు పేతురుకు ఇచ్చిన ఆజ్ఞ తమకు కూడా ఇచ్చినదే అని వారు నమ్మారు.

ఎవరు సరైనవారు? హిట్లరును తలచుకొంటే మొదటి దారిలో బలం కనబడుతుంది. ఆ యుద్ధం మన తీరాన్నీ తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. అరవై లక్షలమంది యూదులను చంపిన పాలనను ప్రార్థనా కూటాలు ఒక్కటే ఆపగలిగేవని చెప్పడం కష్టం. లూథరన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్ ఒకప్పుడు శాంతిని బోధించినవాడే. చివరకు హిట్లరును తొలగించే కుట్రలో చేరి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. అయితే తాను చేస్తున్నది నీతికార్యమని ఆయన డప్పు కొట్టుకోలేదు. పొరుగువాని కోసం అపరాధ భారాన్ని మోయడంగానే దాన్ని ఎంచాడు.

మెన్నోనైట్ సహోదరుల సాక్ష్యం కూడా మనకు కావాలి. యుద్ధాన్ని సులభంగా సమర్థించే అలవాటు నుండి అది మనల్ని కాపాడుతుంది. ఒక దారి అన్యాయాన్ని ఆపమంటుంది. మరో దారి ఆపే చేతిని కూడా అనుమానించమంటుంది. ఈ రెండు స్వరాలూ వినబడే సంఘమే ఆరోగ్యంగా ఉంటుంది.

కువైట్ ఒక పాఠం, ఇరాక్ మరో పాఠం

సద్దాం దుర్మార్గుడు కాడని ఎవరూ అనలేరు. 1988 మార్చి 16న హలబ్జా అనే కుర్దుల పట్టణం మీద విషవాయువు వదిలితే అయిదు వేలమంది దాకా చనిపోయారు. 1990 ఆగస్టు 2న అతని సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఒక్క రాత్రిలో మనవాళ్లు ఉద్యోగం, దాచుకున్న డబ్బు, పాస్‌పోర్టు అన్నీ పోగొట్టుకుని రోడ్డున పడ్డారు. లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. ఎక్కువమంది ఇరాక్ మీదుగా, ఎడారి దారిలో బస్సుల్లో జోర్డాను చేరుకొని, అమ్మాను నుండి ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి వచ్చారు. అటువంటి ఆక్రమణను అలాగే వదిలేయవలసిందని అప్పుడు ఆ బస్సుల్లో ఉన్నవారితో ఎవరు చెప్పగలరు?

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1990 నవంబరు 29న తీర్మానం చేసి, జనవరి 15 వరకు గడువు ఇచ్చింది. సద్దాం వినలేదు. 1991 జనవరి 17న యుద్ధం మొదలై ఫిబ్రవరి 28న ఆగింది. కువైట్ విడుదలైంది. ఉన్న లక్ష్యం ఒక్కటే, దొంగ చేతిలోనుండి ఇంటిని విడిపించడం. అది పూర్తికాగానే యుద్ధం ఆగింది. అబ్రాహాము చేసిన పనికి ఇది కొంత దగ్గరగా ఉంది. అలాగని అది శుభ్రమైన యుద్ధమేమీ కాదు. ఫిబ్రవరి 13న బాగ్దాదులో అమీరియా ఆశ్రయం మీద బాంబులు పడి నాలుగు వందలకు పైగా సామాన్యులు, ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, కాలిపోయారు. న్యాయమైన కారణం ఉన్నంతమాత్రాన ప్రతి బాంబూ న్యాయమైపోదు.

2003 సంగతి వేరు. ఆ మార్చి 20న అమెరికా, బ్రిటను సేనలు ఇరాక్‌లో ప్రవేశించాయి. భద్రతామండలి అందుకు స్పష్టమైన అనుమతి ఇవ్వలేదు. భయంకరమైన ఆయుధాలు దాచాడు గనుక తప్పదన్నారు. ఎంత వెదకినా ఆ ఆయుధాలు దొరకలేదు. మన పార్లమెంటు ఆ ఏప్రిల్‌లోనే ఆ యుద్ధాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. సైన్యాన్ని పంపమని అడిగినా జూలైలో భారతదేశం నిరాకరించింది.

విగ్రహం మూడు వారాల్లో కూలింది. దాని మరునాటి గురించి మాత్రం ఎవరి దగ్గరా సరైన ఆలోచన లేదు. ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. తుపాకులతో ఉన్న లక్షలమంది జీతం లేకుండా వీధిలో పడ్డారు. ఆ తరువాతి ఏళ్లలో లెక్కకు అందినంతవరకే లక్షమందికి పైగా సామాన్యులు చనిపోయారు.

మన తోటి విశ్వాసులకు ఏమైందో కూడా వినాలి. సద్దాం పాలనలో ఇరాక్‌లో పది లక్షలకు పైగా క్రైస్తవులు ఉండేవారని అంచనా. తరువాతి పదిహేనేళ్లలో వారిలో ఎక్కువమంది దేశం విడిచిపోయారు. మోసుల్ ఆర్చిబిషప్ పౌలోస్ ఫరాజ్ రహ్హోను 2008 ఫిబ్రవరిలో ఎత్తుకుపోయారు. మార్చిలో ఆయన శవం దొరికింది. 2010 అక్టోబరు 31న బాగ్దాదులో ఆరాధన జరుగుతుండగా ఒక చర్చిలో చొరబడి యాభై మందికి పైగా చంపారు. 2014లో ఐసిస్ మూకలు మోసుల్‌ను పట్టుకొని, క్రైస్తవుల ఇళ్ల గోడల మీద నజరేయులని తెలిపే అరబీ అక్షరం 'నూన్' రాసి, ఊరు విడిచిపొమ్మని గడువు పెట్టాయి. మోసుల్ అంటే మరేమీ కాదు, నీనెవె. యోనా ప్రకటించిన పట్టణం. శతాబ్దాలుగా ఆరాధన ఆగని చోట ఆ జూలైలో ఆరాధన ఆగిపోయింది.

లిబియాలో కూడా ఇదే జరిగింది. 2011లో గడాఫీ కూలాడు. అతడు కూడా క్రూరుడే. కాని మరునాడు రాజ్యం అనేదే లేకుండా పోయింది. 2015లో ఆ తీరాన 21 మంది క్రైస్తవ కూలీలను, వారిలో 20 మంది ఈజిప్టువారిని, వారి విశ్వాసాన్ని బట్టి నరికి చంపారు. ఆ ఏడాది జూలైలోనే సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు అధ్యాపకులను బందీలుగా పట్టుకున్నారు. వారు 2016 సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. నియంత కూలిన నాలుగేళ్ల తరువాత కూడా ఆ మరునాడు ముగియలేదు.

ఇంటి పక్కన జరిగినది

ఇవన్నీ పరదేశాల సంగతులు గదా అనుకోనక్కరలేదు. మన పొరుగునే ఇలాంటిది జరిగింది. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన సంస్థానాన్ని కలపలేదు. ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్లు తెలంగాణ పల్లెల్లో దోపిడీలు, హత్యలు చేశారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో ఎంతోమందిని చంపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని సరిహద్దు దాటి ఆంధ్ర జిల్లాలకు వచ్చినవారు ఎందరో ఉన్నారు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. ఒక దళం మన విజయవాడ వైపు నుండే సూర్యాపేట మీదుగా నడిచింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల భయం తీరినందుకు కోట్లాది ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు. ఆ జోక్యం తప్పని మేము అనలేము. ఆ పల్లెల్లో ఉన్నవారు ఇంకెంతకాలం ఓర్చుకోవాలి?

కాని మరునాడు ఏమైంది? నిజాం చేసిన పనికి, రజాకార్లు చేసిన పనికి, ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాల మీద పగ తీర్చుకున్నారు. ప్రధాని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఆ నవంబరు, డిసెంబరు నెలల్లో ఊరూరా తిరిగి చూసింది. తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేలమంది ప్రాణాలు పోయాయని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నలిగాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గాని జనానికి అందలేదు. ఇక నిజాం సంగతా? 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్ హోదాలో కొనసాగాడు. బాగ్దాదు దావూద్ పాషా కథే మళ్లీ! పాలకుడు నిలిచాడు, పేదవాడు నేలకూలాడు.

ఆ నివేదికలోనే ఒక వెలుగు రేఖ కూడా ఉంది. కొన్ని ఊళ్లలో హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడారట. ముఖ్యంగా నేతపనివారు. సాటి మగ్గం మనిషిని చంపడానికి వచ్చిన తమ మతంవారినే ఎదిరించి అడ్డు నిలబడి, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారట. వారికి మంచి సమరయుని ఉపమానం ఎవరు బోధించారో గాని, వారు దాన్ని ఆచరించి చూపారు. మరి ఆ ఉపమానాన్ని ప్రతి సంవత్సరం సండేస్కూల్లో చెప్పుకొనే మనం, అలాంటి రోజు వస్తే ఏ గుమ్మం ముందు నిలబడతాం?

ఆమేన్ అనే ముందు

కాబట్టి మేము చెప్పదలచినది ఇది. పొరుగువాని మీద ఎత్తిన చేతిని ఆపడానికి, వేరే దారి ఏదీ మిగలనప్పుడు, బలాన్ని వాడడం న్యాయం కావచ్చు. కాని పాలకుడు చెడ్డవాడన్న ఒక్క మాట యుద్ధానికి చాలదు. యుద్ధం మీద తీర్పు నియంత కూలిన రోజున చెప్పేది కాదు, మరునాడు చెప్పేది.

గోదావరి వరదలు ఎరిగిన మనకు ఇది తెలియనిది కాదు. 1986 ఆగస్టు వరద జ్ఞాపకమున్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వరద తగ్గిందని పేపర్లో వచ్చిన రోజుననే లంక రైతు అసలు కష్టం మొదలవుతుంది. పొలంలో మేట వేసిన ఇసుకను పేపరు చూడదు. రైతు చూస్తాడు. నియంత పోయిన దేశం కూడా అలాంటి పొలమే.

అందుచేత ఏ యుద్ధానికైనా ఆమేన్ అనే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుదాం. ఇప్పుడు చస్తున్నవారిని కాపాడడానికా, లేక ఎప్పటిదో పగ తీర్చుకోవడానికా? మాటలతో, ఒత్తిడితో సాధించే దారులు నిజంగా మూసుకుపోయాయా? చెప్పిన కారణం నిజమని ఎవరు రుజువు చేశారు? విడిపించిన దేశపు నూనెలోనో, నేలలోనో వాటా ఆశించకుండా అబ్రాహాములా తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ నియంతతో ఒకే పేరు, ఒకే మతం, ఒకే కులం ఉన్న సామాన్యుణ్ణి మరునాడు ఎవరు కాపాడతారు?

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు. వెంటనే, యుద్ధానికి పోయే రాజు సంగతి కూడా ఎత్తాడు (లూకా 14:28-32). శిష్యరికపు వెల గురించి చెప్పిన మాటలే అయినా, రాజులకు కూడా అందులో బుద్ధి ఉంది. పడగొట్టే ఖర్చు మాత్రమే లెక్కవేసి, తిరిగి కట్టే ఖర్చు లెక్కవేయనివాడు సగం లెక్కే చేశాడు.

శత్రువు చేతికి చిక్కినప్పుడు ఎలీషా ఏం చేశాడో కూడా చదవండి. షోమ్రోనులో చిక్కిన సిరియా సైనికులను చంపనా అని రాజు ఆత్రపడ్డాడు. ప్రవక్త వద్దని, వారికి భోజనం పెట్టించి ఇంటికి పంపించాడు. ఆ తరువాత ఆ దండులు ఇశ్రాయేలు మీదికి రావడం మానుకున్నాయి (2 రాజులు 6:21-23). గెలిచినవాడు పెట్టిన అన్నం, గెలిపించిన కత్తికంటే ఎక్కువ కాలం దేశాన్ని కాచింది.

నీనెవె బయట కూర్చున్నవాడు

మన సంఘాల్లో ఎవరూ సైన్యాలను పంపలేరు, ఆపలేరు. అయినా మన చేతిలో ఉన్నది తక్కువ కాదు. యుద్ధవార్త వచ్చిన ఆదివారం ఏ పక్షపు జెండానూ బలిపీఠం మీదికి తేకుండా ఉండవచ్చు. రెండు వైపుల తల్లుల కోసం ప్రార్థించవచ్చు. గల్ఫ్‌లో చిక్కుకున్నవారి ఇంటికి వెళ్లి, ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుందో అడగవచ్చు. మన వీధిలో ఇరాక్ యుద్ధం పేరుతోనో, మరో యుద్ధం పేరుతోనో సాయిబుల అంగడి మీద ఎవరైనా మాట తూలితే, నేతపనివారిలా అడ్డు నిలబడవచ్చు.

ఒకటి మాత్రం చేయకూడదు, సంతోషించకూడదు. యెరూషలేము కూలిన రోజున ఎదోము పక్కన నిలబడి ఆనందించినందుకు, పారిపోతున్నవారిని పట్టి అప్పగించినందుకు, ఓబద్యా గ్రంథమంతా ఆ పాపం మీద తీర్పుగా నిలిచింది. శత్రువు పడిపోయినా సరే, ఆ శిథిలాల కింద ఉన్నది దేవుడు చేసిన మనుషులే.

యోనా కూడా నీనెవె బయట పందిరి వేసుకొని కూర్చున్నాడు, పట్టణం ఎప్పుడు కాలుతుందా అని చూస్తూ. అది నిజంగా క్రూరమైన రాజ్యమే. యోనా కోపానికి కారణం లేకపోలేదు. కాని దేవుడు అతణ్ణి అడిగిన ప్రశ్న రాజు గురించి కాదు. కుడి యెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలమంది గురించి, అక్కడున్న పశువుల గురించి కూడా (యోనా 4:11). అదే నీనెవె ఈనాటి మోసుల్. ఆ ప్రశ్నకు యోనా ఏం జవాబు చెప్పాడో గ్రంథంలో లేదు. ఆ జవాబు చెప్పవలసిన వంతు మనది.